ఫ్లాపీ డ్రైవ్‌లో మెదడు ఎక్కడుంది?

పాత హోమ్ కంప్యూటర్ కమోడోర్ 64కు తగిలించే 1541 ఫ్లాపీ డ్రైవ్ మూత విప్పితే ముందు కంటపడేది ఫ్లాపీని తిప్పే యంత్రం కాదు, దాని మీద పరిచిన సర్క్యూట్ బోర్డు. ఆ బోర్డు మీద 6502 ప్రాసెసర్ ఒకటి, 2 కిలోబైట్ల ర్యామ్, 16 కిలోబైట్ల రోమ్, బయటితో మాట్లాడటానికి రెండు 6522 చిప్పులు ఉంటాయి. కీబోర్డు లేదు, తెర లేదు, అంతే తేడా. మిగతా లెక్కలన్నిటికీ అదొక పూర్తి కంప్యూటర్. కమోడోర్ 64లో ఉన్న 6510 కూడా ఈ 6502కు తోబుట్టువే. 80ల్లో ఈ జతను కొన్నవాళ్లు తమకు తెలియకుండానే రెండు కంప్యూటర్లు ఇంటికి తెచ్చుకున్నారన్నమాట.

పాత హోమ్ కంప్యూటర్లకు డ్రైవ్ వెతికేవాళ్లు తికమకపడేది సరిగ్గా ఇక్కడే. ఐదుంపావు అంగుళాల డ్రైవ్ ఒకటి దొరికింది, మా మెషీన్‌కు పనికొస్తుందా అని అడుగుతారు. డ్రైవ్ సైజు చూసి దీనికి జవాబు చెప్పలేం. డిస్కు మీద అయస్కాంత రూపంలో ఉన్నదాన్ని బైట్లుగా మార్చే పని ఎవరిది అన్నది తేల్చుకోవాలి. డ్రైవ్‌దా, కంప్యూటర్‌దా, మధ్యలో ఉన్న కార్డుదా? ఏ కేబుల్ కావాలి, పాడైతే బదులు ఏం పెట్టొచ్చు, ఏది ముందు చెడుతుంది అన్నవన్నీ ఆ ఒక్క విషయం మీదే ఆధారపడతాయి.

ఆపిల్ 2 కోసం 1978లో స్టీవ్ వోజ్నియాక్ రూపొందించిన డిస్క్ 2లో ఆ పని ప్రధానంగా కంప్యూటర్ లోపలి స్లాట్‌లో కూర్చునే చిన్న కార్డుది. డ్రైవ్ డబ్బాలో మోటార్లు, డిస్కును చదివి రాసే హెడ్, ఓ అనలాగ్ బోర్డు తప్ప ఇంకేమీ లేవు. కరెంటు కూడా కంప్యూటర్ నుంచే వస్తుంది. డిస్కు మీది గుండ్రటి వరసలు ట్రాకులు, ఒక్కో ట్రాకులోని ముక్కలు సెక్టార్లు. ట్రాకుకు 13 సెక్టార్లతో మొదలై తర్వాత 16కు పెరిగింది. 35 ట్రాకులు, సెక్టారుకు 256 బైట్లు, మొత్తం 140 కిలోబైట్లు. దీనితో జరిగే అతి మామూలు ప్రమాదం ఒకటుంది. 20 పిన్నుల రిబ్బన్ కేబుల్ కనెక్టర్‌ను కార్డు మీద ఒక పిన్ను పక్కకు గుచ్చితే 12 వోల్టులు వెళ్లకూడని చోటికి వెళ్లి, అనలాగ్ బోర్డు మీది 74ఎల్ఎస్125 చిప్పు కాలిపోతుంది. చిప్పు చవకే, మార్చుకోవచ్చు. కానీ స్విచ్ వేసే ముందు టార్చ్ పట్టుకుని పిన్నులు చూస్తే ఆ పని తప్పుతుంది.

బ్రిటన్ కంప్యూటర్ బీబీసీ మైక్రోలో ఆ పని చేసే కంట్రోలర్ చిప్పు కంప్యూటర్ బోర్డు మీదే ఉంది. మొదట్లో ఇంటెల్ 8271, తర్వాత 1770. మన దేశంలో 1984లో క్లాస్ పథకం కింద స్కూళ్లకు వచ్చిన కంప్యూటర్లు ఇవే, కాబట్టి ఈ పేరు గుర్తున్నవాళ్లు ఇక్కడా ఉంటారు. డ్రైవ్ మాత్రం షుగార్ట్ కంపెనీ పద్ధతిలో నడిచే 34 పిన్నుల సాదా డ్రైవ్. ఆమిగా కంప్యూటర్‌దీ అదే వరస. బయటి కనెక్టర్‌కు 23 పిన్నులున్నా, డబ్బాలో ఉండేది చెప్పింది చేసే యంత్రమే.

కమోడోర్, అటారీ 8 బిట్ మెషీన్లు మూడో రకం. వీటి మెదడు డ్రైవ్‌లోనే ఉంది. కంప్యూటర్ ‘ఫలానా ఫైలు ఇవ్వు’ అంటుంది. ఏ ట్రాకు, ఏ సెక్టారు, తప్పొస్తే ఎన్నిసార్లు మళ్లీ చదవాలి అన్నవన్నీ 1541 తనంతట తానే చూసుకుంటుంది. అటారీ 810, 1050 డ్రైవ్‌లు ఇంత దూరం పోవు. ఫైలు అంటే ఏమిటో వాటికి తెలియదు, సెక్టారు నంబరు చెబితే 13 పిన్నుల కేబుల్ మీద సెకనుకు 19,200 బిట్ల వేగంతో పంపిస్తాయి. అయినా ప్రాసెసర్ ఉన్నది డ్రైవ్ డబ్బాలోనే.

డిస్కు పరుగెడుతుంది, తీగ నడుస్తుంది

1541 నత్తనడక గురించి వినని కమోడోర్ అభిమాని ఉండడు. 40 కిలోబైట్ల ప్రోగ్రాం ఎక్కడానికి దాదాపు నూట రెండు సెకన్లు. ఎందుకంటే సెకనుకు వచ్చేది సుమారు 400 బైట్లే. దీనికి డిస్కును తిట్టడం అన్యాయం. నిమిషానికి 300 సార్లు తిరిగే డిస్కు ఒక చుట్టును 0.2 సెకన్లలో ముగిస్తుంది. బయటి ట్రాకు మీద 21 సెక్టార్లు, అంటే 5,376 బైట్లు. హెడ్ కింద నుంచి సెకనుకు 25 వేల బైట్లకు పైగా దొర్లిపోతుంటే, తీగ అవతలికి చేరేది 400.

ఈ పీటముడి కమోడోర్ 64 కంటే ముందే, దాని ముందు కంప్యూటర్ విక్-20 రోజుల్లోనే పడింది. అప్పటి ఆలోచన ప్రకారం 6522 చిప్పులోని షిఫ్ట్ రిజిస్టర్ బైటును తనే బిట్లుగా విడగొట్టి తీగ మీదికి తోయాలి. ఆ షిఫ్ట్ రిజిస్టర్‌లో లోపం బయటపడింది. దాంతో ఒక్కో బిట్టునూ సాఫ్ట్‌వేర్ చేతే పంపించారు. ఒక తీగ మీద బిట్టు, ఇంకో తీగ మీద ఆ బిట్టు చదవాల్సిన వేళ చెప్పే గడియారం, ప్రతి బైటు తర్వాత ‘అందిందా? అందింది’ అన్న పలకరింపు. కమోడోర్ 64 వచ్చేసరికి ఇంకో అడ్డంకి తోడైంది. తెర గీసే విక్-2 చిప్పు, అక్షరాలు చూపించేటప్పుడు ప్రతి 8 గీతలకోసారి ప్రాసెసర్‌ను సుమారు 40 సైకిళ్లు (గడియారపు టిక్కులు) పక్కన నిలబెట్టేస్తుంది. ఆ క్షణంలో బిట్టు వస్తే జారిపోతుంది. అందుకని డ్రైవ్ వేగాన్ని ఇంకా తగ్గించారు. విక్-20 కోసం చేసిన 1540కీ, 1541కీ ముఖ్యమైన తేడా ఇదే. 1540ని కమోడోర్ 64కు తగిలించి, తెర ఆర్పేసి లోడ్ చేస్తే నడుస్తుంది. విక్-2 అడ్డు తప్పుకుంటుంది కదా.

కమోడోర్ 64లోని 6526 చిప్పులో షిఫ్ట్ రిజిస్టర్ బాగానే పనిచేసేది. దాన్ని వాడుకోకుండానే సరుకు బజారుకెళ్లింది. అదే అసలు బాధ.

మరి ఈ లోడింగ్ వేగం పెంచే ఫాస్ట్ లోడర్లు ఎలా పుట్టాయి? డ్రైవ్‌లో ప్రాసెసర్ ఉంది, ర్యామ్ ఉంది. కంప్యూటర్ నుంచి చిన్న ప్రోగ్రాం పంపి డ్రైవ్ ర్యామ్‌లో కూర్చోబెట్టి నడిపించవచ్చు. ఆ ప్రోగ్రాం పలకరింపులన్నీ మానేసి, డేటా తీగనూ గడియారపు తీగనూ రెండిటినీ డేటాకే వాడుతుంది. రెండు వైపులా సైకిళ్లు లెక్కపెట్టుకుని ఒకేసారి రెండు బిట్లు మార్చుకుంటాయి. ఎపిక్స్ ఫాస్ట్ లోడ్ కార్ట్రిడ్జ్ చేసేది ఈ కోవలో పనే. జిఫీడాస్ అయితే కంప్యూటర్‌లో ఒకటి, డ్రైవ్‌లో ఒకటి రోమ్ చిప్పులే మార్పిస్తుంది. రెండు 1541లను జతచేసి, ప్రోగ్రాం ఎక్కించాక కంప్యూటర్ కేబుల్ పీకేసినా వాటంతటవే డిస్కు కాపీ చేసుకునే సాఫ్ట్‌వేర్ కూడా ఆ రోజుల్లో ఉండేది.

డ్రైవ్‌కున్న 2 కిలోబైట్ల ర్యామ్‌లో నికరంగా డేటాను కాసేపు దాచే బఫర్లకు దొరికేవి 256 బైట్ల గదులు ఐదు. ఒక ట్రాకు మొత్తం పట్టదు. ఒక సెక్టారు చదివి పంపేలోపు పక్కవన్నీ హెడ్ దాటిపోతాయి. అందుకే 1541 ఒక ఫైలు రాసేటప్పుడు పక్కపక్కనే రాయదు, పదేసి సెక్టార్ల ఎడంతో రాస్తుంది. వేరే సాఫ్ట్‌వేర్ ఈ ఎడం మార్చి రాసిన డిస్కులు మామూలు లోడింగ్‌లో ఇంకా ఈడ్చడానికి కారణం ఇదే.

683 గళ్లు

బయటి ట్రాకు చుట్టుకొలత ఎక్కువ, లోపలిది తక్కువ. చాలా కంప్యూటర్లు అన్ని ట్రాకుల్లోనూ సమానంగా సెక్టార్లు పెట్టి బయటి చోటును వృథా చేస్తాయి. 1541 అలా చేయదు. 1 నుంచి 17 దాకా ట్రాకుకు 21 సెక్టార్లు, 18 నుంచి 24 దాకా 19, 25 నుంచి 30 దాకా 18, చివరి ఐదింటిలో 17. మోటారు వేగం మారదు. 16 మెగాహెర్ట్జ్ క్రిస్టల్ నుంచి వచ్చే గడియారాన్ని 13, 14, 15, 16తో భాగించి బిట్ల వేగం మారుస్తుంది. మొత్తం 683 సెక్టార్లు. డైరెక్టరీ ఉండే 18వ ట్రాకులోని 19 తీసేస్తే 664. ఖాళీ డిస్కులో 664 బ్లాకులు (అంటే సెక్టార్లు) మిగిలాయని కనపడేది ఈ లెక్కే. డైరెక్టరీని మధ్యలో పెట్టడంలో తెలివుంది, హెడ్ ఎటు వెళ్లినా దగ్గర.

ట్రాకు ఎక్కడ మొదలో చెప్పే ఇండెక్స్ రంధ్రాన్ని ఈ డ్రైవ్ పట్టించుకోదు. అందుకే ఒకవైపే రాసే డ్రైవ్ అయినా, డిస్కు అంచున, రాయడానికి అనుమతిచ్చే గాడి రెండోది కోసి తిరగేసి పెడితే రెండో వైపూ వాడుకోవచ్చు. ఒక హెచ్చరిక. డిస్కు డబుల్ డెన్సిటీది కావాలి. 1.2 మెగాబైట్ల హై డెన్సిటీ డిస్కు పూతను మార్చడానికి దాదాపు రెట్టింపు అయస్కాంత బలం కావాలి. 1541 హెడ్ అంత బలం ఇవ్వలేదు. ఫార్మాట్ అయినట్టే అయి, వారం తిరక్కుండా చదవడం మానేస్తుంది. లేబుల్ ఊడిపోయి ఉంటే మధ్య రంధ్రం చూడండి. డబుల్ డెన్సిటీ వాటికి సాధారణంగా గట్టి రింగు అతికించి ఉంటుంది, హై డెన్సిటీ వాటికి చాలావరకు ఉండదు.

టకటక శబ్దం, ఆ తర్వాత

హెడ్ మొదటి ట్రాకు మీద ఉందా లేదా చెప్పే సెన్సార్ 1541లో లేదు. తానెక్కడున్నానో తెలియనప్పుడు అది చేసే పని మొరటుగా ఉంటుంది. 40కి పైగా ట్రాకుల దూరం వెనక్కి నడుస్తుంది. అన్ని ట్రాకులు లేవు కాబట్టి మధ్యలోనే హెడ్ బండి అడ్డుకు గుద్దుకుంటుంది, మోటారు మాత్రం ఇంకా తోస్తూనే ఉంటుంది. ఆ టకటక శబ్దమే ఇది. ఫార్మాట్ చేసినప్పుడు ఒకసారి రావడం మామూలే. కాపీ రక్షణ కోసం కావాలనే తప్పులు పెట్టిన ఆట డిస్కులు దీన్ని పదే పదే రప్పించేవి.

హెడ్‌ను అంచెలంచెలుగా కదిపే స్టెప్పర్ మోటారు ఇరుసుకు పుల్లీని నొక్కి బిగించారు, అంతే. స్క్రూ లేదు. లోపలి ట్రాన్స్‌ఫార్మర్ వేడి ఒకవైపు, ఈ గుద్దుళ్లు ఇంకోవైపు, కొన్నాళ్లకు ఆ పుల్లీ వెంట్రుకవాసి జారుతుంది. హెడ్ ట్రాకు నడిమిన కాక అంచున నిలుస్తుంది. దీన్ని పట్టుకోవడం తేలిక. డ్రైవ్ తాను ఫార్మాట్ చేసిన డిస్కులను చక్కగా చదువుతుంది, ఫ్యాక్టరీలో అచ్చయిన డిస్కులను చదవలేక తన్నుకుంటుంది. అలా ఉంటే అలైన్‌మెంట్ పోయినట్టే.

సరిచేయడానికి చేతిలో ఫ్యాక్టరీ డిస్కు ఉండి తీరాలి. ఇంకో పాత డ్రైవ్‌లో ఫార్మాట్ చేసిన డిస్కు పెట్టుకుని సరిచేస్తే ఆ డ్రైవ్ వంకర దీనికి అంటుకుంటుంది. ముందు హెడ్ తుడవాలి, వేగం చూడాలి. ఆ రెండూ అయ్యాకే అలైన్‌మెంట్. స్టెప్పర్ మోటారును పట్టి ఉంచే రెండు స్క్రూలను సడలించి, అన్ని ట్రాకులనూ వరసగా చదివే పరీక్ష ప్రోగ్రాం నడుస్తుండగా మోటారును అతి కొద్దిగా తిప్పుతూ పోవాలి. తప్పులు రాకుండా చదివే సందు కొంచెం వెడల్పు ఉంటుంది. దాని రెండు అంచులూ చూసుకుని నడిమిన ఆపి బిగించాలి. బిగించేటప్పుడు మోటారు మళ్లీ కదులుతుంది, కాబట్టి ఇంకోసారి పరీక్ష. ఆ తర్వాత స్క్రూ తల మీద గోళ్ల రంగు చుక్క వేస్తే వదులవదు.

వేగం చూడటానికి మన ఇళ్లలో ఓ సౌకర్యం ఉండేది, చోక్ ఉన్న పాత ట్యూబ్‌లైటు. డ్రైవ్ కింది చక్రం మీద 50 హెర్ట్జ్‌కు ఒకటి, 60 హెర్ట్జ్‌కు ఒకటి చొప్పున నల్లగీతల వలయాలుంటాయి. మన కరెంటు 50 హెర్ట్జ్, ట్యూబ్‌లైటు సెకనుకు 100 సార్లు మిణుకుతుంది, చక్రం సెకనుకు 5 సార్లు తిరుగుతుంది. వేగం సరిగ్గా ఉంటే 50 వలయంలోని గీతలు కదలకుండా నిలబడినట్టు కనిపిస్తాయి. పాకుతుంటే మోటారు బోర్డు మీద వేగం సర్దే చిన్న ప్రీసెట్ తిప్పాలి. ఎలక్ట్రానిక్ చోక్ కింద ఇది పనిచేయదు, ఎల్ఈడీ బల్బులను నమ్మలేం. అప్పుడు వేగాన్ని తెర మీద చూపించే సాఫ్ట్‌వేరే దిక్కు.

1541ల్లో రెండు కంపెనీల యంత్రాలు ఎక్కువగా కనిపిస్తాయి. ముందున్న తలుపును నొక్కి మూసేది ఆల్ప్స్, మీట తిప్పి మూసేది న్యూట్రానిక్స్. పుల్లీ జారే జబ్బు ఆల్ప్స్‌కు ఎక్కువ. న్యూట్రానిక్స్‌ది ఇంకా చెడ్డ జబ్బు, హెడ్ లోపలి తీగచుట్ట తెగిపోతుంది. మోటారు తిరుగుతుంది, హెడ్ కదులుతుంది, ఏ డిస్కు పెట్టినా తప్పు నంబరు 21. హెడ్ కనెక్టర్ పీకి మీటరుతో రెసిస్టెన్స్ చూస్తే తేలిపోతుంది. తెగితే హెడ్ మార్చడం తప్ప మార్గం లేదు. కొనేముందు మీట ఉన్న డ్రైవ్‌ను నడిపించి చూపించమని అడగడం మేలు.

ఆ తప్పు నంబర్ల గురించి. ఎర్ర దీపం మిణుకుతుంటే డ్రైవ్ ఏదో చెప్పాలనుకుంటోందని అర్థం. 15వ ఛానెల్ తెరిచి నాలుగు విలువలు చదవాలి. తప్పు నంబరు, దాని పేరు, ట్రాకు, సెక్టారు. ఇన్‌పుట్ కమాండ్ నేరుగా కొడితే ఒప్పుకోదు, లైను నంబర్లు వేసి చిన్న ప్రోగ్రాంగా రాయాలి. స్విచ్ వేసిన వెంటనే చదివితే 73, దాని పక్కన డాస్ వెర్షన్ 2.6 అని రావాలి. అది తప్పు కాదు, పలకరింపు. 21 అంటే ఫార్మాట్ కాని డిస్కు, లేదా హెడ్ ఏమీ వినడం లేదు. 26 అంటే రాయకుండా గాడి మూసి ఉంది. ఒకే డిస్కులో ఒకే సెక్టారు దగ్గర 23 వస్తుంటే ఆ చోట పూత పోయింది. అన్ని డిస్కులకూ 20, 23, 27 కలగలిపి వస్తుంటే డ్రైవ్‌ను అనుమానించాలి.

230 వోల్టులు

అమెరికా నుంచి ఎవరో తెచ్చిచ్చిన 1541కు ప్లగ్గు మార్చి గోడకు పెట్టడమంత చెడ్డ పని ఇంకోటి లేదు. ట్రాన్స్‌ఫార్మర్ డబ్బాలోనే ఉంది, 120 వోల్టులకు చుట్టింది. 230 ఇస్తే ఫ్యూజు పోతే అదృష్టం. 100 వోల్ట్ ఆంపియర్ల స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ సరిపోతుంది. 120 కంటే 110 ఇచ్చేది తీసుకోండి. 60 హెర్ట్జ్ కోసం చుట్టిన ట్రాన్స్‌ఫార్మర్ 50 మీద కొంచెం ఎక్కువ వేడెక్కుతుంది, వోల్టేజీ కాస్త తగ్గితే దానికే సుఖం. పాల్, ఎన్‌టీఎస్‌సీ అనే టీవీ పద్ధతుల గొడవ డ్రైవ్‌కు లేదు, దాని గడియారం దానిదే. 1541-2 అయితే కరెంటు డబ్బా బయటే ఉంటుంది. 5, 12 వోల్టులు ఇచ్చే మంచి సప్లై కడితే చాలు, పిన్నులు మాత్రం మీటరుతో చూసుకునే కట్టాలి.

కేబుల్ పెట్టడం, తీయడం రెండూ స్విచ్‌లు ఆపాకే. నడుస్తుండగా పీకితే కంప్యూటర్‌లోని 6526గానీ, డ్రైవ్‌లోని 7406 చిప్పుగానీ పోతుంది. డిస్కు లోపల ఉంచి స్విచ్ వేయడం, ఆపడం కూడా వద్దు.

మన వాతావరణంలో ఇంకో శత్రువు బూజు. కవరు కిటికీలోంచి డిస్కును వేలితో తిప్పి, వెలుతురుకు ఏటవాలుగా పట్టి చూడండి. తెల్లటి మచ్చలుంటే డ్రైవ్‌లో పెట్టొద్దు. ఆ బూజు హెడ్‌కు అంటుకుని తర్వాత పెట్టే మంచి డిస్కును గీకేస్తుంది. హెడ్ తుడవడానికి 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన ఇయర్‌బడ్ చాలు. హెడ్‌కు ఎదురుగా డిస్కును అదిమే మెత్త ఉన్న చేయిని మాత్రం ఎక్కువ పైకెత్తకూడదు, వంగితే మళ్లీ సరిగ్గా కూర్చోదు.

బదులు ఏం పెట్టాలి

ఫ్లాపీ బదులు పెన్‌డ్రైవ్‌తో నడిచే గోటెక్ బీబీసీ మైక్రోకూ ఆమిగాకూ బాగా పనికొస్తుంది. అక్కడ డ్రైవ్ చెప్పింది చేసేదే కాబట్టి, దాని వేషం వేయడం తేలిక. చిక్కులు చిన్నవే. రిబ్బన్ తిరగబడితే దీపం ఆరకుండా వెలుగుతూనే ఉంటుంది. పీసీ డ్రైవ్‌లు 34వ పిన్ను మీద డిస్కు మారిందన్న కబురు పంపుతాయి, ఆమిగా ఆ పిన్ను మీద సిద్ధంగా ఉన్నానన్న కబురు కోరుకుంటుంది. బీబీసీ మైక్రోలో 80 ట్రాకుల డ్రైవ్‌తో 40 ట్రాకుల డిస్కు మీద రాస్తే వచ్చే చిక్కు మరోరకం. ఆ డ్రైవ్ హెడ్ సన్నది, పాత వెడల్పాటి ట్రాకు నడిమిన సన్నటి గీత గీస్తుంది. 40 ట్రాకుల డ్రైవ్ కొత్త గీతతోపాటు అంచుల్లోని పాతదాన్నీ కలిపి చదివి తికమకపడుతుంది. చదవడం వరకు ఫరవాలేదు, రాయడమే వద్దు.

కమోడోర్ 64కు గోటెక్‌ను అలా నేరుగా తగిలించలేం. అవతల ఉండాల్సింది ఓ కంప్యూటర్. ఎస్‌డీ కార్డుతో నడిచే చవకైన ఎస్‌డీ2ఐఈసీ ఫైళ్లు ఇస్తుంది, డైరెక్టరీ చూపిస్తుంది, కానీ దాని లోపల 6502 లేదు. తెలిసిన కొన్ని ఫాస్ట్ లోడర్లను గుర్తుపట్టి నడుపుతుంది, సొంత ప్రోగ్రాంను డ్రైవ్‌లోకి ఎక్కించే ఆటల దగ్గర బోర్లా పడుతుంది. రాస్ప్‌బెర్రీ పై మీద నడిచే పై1541 మొత్తం డ్రైవ్‌నే సైకిల్ సైకిల్‌కూ అనుకరిస్తుంది, కాబట్టి ఆ ఆటలూ నడుస్తాయి. అల్టిమేట్ కార్ట్రిడ్జ్‌ది అదే దారి. ఆటలు ముఖ్యమైతే డబ్బు మిగుల్చుకోవడానికి ఎస్‌డీ2ఐఈసీ కొనడం దండగ.

పాత డిస్కుల్లో ఉన్నది కాపాడుకోవాలంటే 1541ని జూమ్‌ఫ్లాపీ అనే అడాప్టర్‌తో యూఎస్‌బీ ద్వారా పీసీకి కలిపి, డిస్కు మొత్తాన్నీ డీ64 అనే ఒక్క ఫైలుగా దించుకోవచ్చు. 683ను 256తో గుణిస్తే 174,848. ఆ ఫైలు సరిగ్గా అన్ని బైట్లే ఉండాలి. 175,531 ఉంటే పాడైందని కంగారుపడి చెరిపేయకండి. ఆ అదనపు 683 బైట్లు సెక్టారుకు ఒకటి చొప్పున, చదివేటప్పుడు ఎక్కడ ఏ తప్పు వచ్చిందో రాసిపెట్టిన పట్టీ.